తాకట్టు కొట్టు గోడ

విజయనగరం,
ఆదివారం రాత్రి

ప్రియమైన మూర్తీ,

"ఆ నేర హాస్య చిత్రాలన్నీ అతి వేషాలు రా, మనుషులు మరీ అలా మోసపోతారా?" అని ఫోనులో అన్నావు చూడు, ఆ మాట మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. అప్పుడు బస్సులో ఉండి గట్టిగా వాదించలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, విను.

నిన్న రాత్రి ఇటలీ సినిమా ఒకటి చూశాను. 1958లో మారియో మోనిచెల్లి తీసిన 'బిగ్ డీల్ ఆన్ మడోనా స్ట్రీట్'. కొందరు చిల్లర దొంగలు తాకట్టు కొట్టు పక్కింట్లో దూరి గోడకు కన్నం వేస్తారు. ఎంతో చెమటోడ్చాక తీరా చూస్తే, కన్నం అవతల ఉన్నది అదే ఇంటి వంటగది! తవ్వాల్సిన గోడ అది కాదు. ఇక చేసేదేముంది? అక్కడున్న పాస్తా, శనగలు ముందేసుకుని తింటూ కూర్చుంటారు. మంచినీళ్ల కోసం వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి ఆ ఒక్క దృశ్యమే చూసింది. భాష తెలియదు, కథ తెలియదు. "కష్టపడ్డారు పాపం, తిననీ" అంది.

నేను చెప్పాలనుకున్నది అమ్మే చెప్పేసింది. ఆ దొంగలు మనల్ని నవ్వించడానికి రాలేదు, బతుకుతెరువు కోసం వచ్చారు. నీకు ప్రాణమైన 'మనీ'లో బ్రహ్మానందాన్ని తలుచుకో. తానొక భయంకరమైన దాదానని ఖాన్ దాదా మనసా వాచా నమ్మాడు కాబట్టే కదా ఇన్నేళ్లూ మనం నవ్వుతున్నాం! నటుడే ముందు నవ్వేసే సినిమాలంటే నాకు ఒళ్లు మంట.

1955 నాటి ఇంగ్లండు చిత్రం 'ది లేడీకిల్లర్స్'లో దొంగలు వాయిద్య బృందమని చెప్పి ఒక ముసలావిడ ఇంట్లో దిగుతారు. లోపల రికార్డు తిరుగుతుంటుంది, వీళ్లు దోపిడీ మాట్లాడుకుంటుంటారు. ఆవిడ టీ కావాలా అని తలుపు తట్టగానే ఫిడేళ్లు అందుకోవాలి! 'సమ్ లైక్ ఇట్ హాట్' (1959) సంగతీ అంతే. హత్యలు కళ్లారా చూసిన ఇద్దరు సంగీతగాళ్లు ప్రాణభయంతో ఆడవేషం కడతారు. రంగుల్లో ఆ మేకప్ ఆకుపచ్చగా కనబడిందని బిల్లీ వైల్డర్ దాన్ని నలుపు తెలుపుల్లోనే తీశాడు.

ఆడవేషం అనగానే మన 'కన్యాశుల్కం' గుర్తుకు రాలేదా? కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెట్టడం, ఆ పెళ్లికూతురు మాయం కావడం, ముసలాయన మెడకు హత్యానేరం చుట్టుకోవడం! 1892లో తొలిసారి ఆడింది మన ఊళ్లోనే. ఆ నాటకాన్ని నెత్తిన పెట్టుకునే నువ్వు వీటిని అతి వేషాలంటే ఎలా ఒప్పుకోను?

జపాన్ వాళ్లది ఒకటి నీకు చూపించి తీరాలి. 1967లో సెయిజున్ సుజుకి తీసిన 'బ్రాండెడ్ టు కిల్'. అందులో కిరాయి హంతకుడికి ఉడికే అన్నం వాసనంటే పిచ్చి. ఒకసారి గురి చూస్తుంటే తుపాకీ మీద సీతాకోకచిలుక వాలుతుంది, గురి తప్పుతుంది, అతని బతుకు తలకిందులవుతుంది. ఇలాంటి అర్థం కాని సినిమాలు తీస్తున్నాడని నిక్కాట్సు స్టూడియో ఆయన్ని తీసేసింది. ఆయన ఊరుకోలేదు, కోర్టుకెళ్లాడు. ఆ పట్టుదల తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

దసరా తర్వాతి మంగళవారం మన ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. ముందురోజే వచ్చెయ్. రాత్రికి సుజుకి సినిమా చూద్దాం. నువ్వు వస్తే శనగలు వండుతానని అమ్మ చెప్పమంది.

నీ
రాజు