పది లెక్కపెట్టేలోపే లేచావట

బ్రాడీపేట, గుంటూరు

బుజ్జీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది. కారం పట్టించాను, నీ వాటా డబ్బాకెత్తి పక్కన పెట్టాను. రమణత్తయ్య వాళ్లు మేడమీద గది వేస్తున్నారు, రోజంతా ఒకటే చప్పుడు. నువ్వేమో ఫోను ఎత్తవు, మెసేజీ పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు.

మొన్న స్టేడియం దగ్గర మీ పాత కరాటే మాస్టారు కనిపించారు. కైరో టోర్నమెంటులో కిక్ నీ చెవి పక్కన తగిలిందని, పడిపోయి కూడా లేచి ఆడావని చెప్పారు. "పది లెక్కపెట్టేలోపే లేచిందమ్మా" అని ఒకటే మెచ్చుకోలు. నాకు ఒళ్లు మండింది. పది సెకన్లలో లేవకపోతే ఆ టోర్నమెంటులో ఇక కుమితే, అదే ఎదురెదురు పోరు, ఆడనివ్వరని నాకూ తెలుసు. దెబ్బతిన్న పిల్లల్ని కాపాడటానికి పెట్టిన నిబంధన అది. దాన్ని గెలిచానని మురిసిపోతారా ఎవరైనా?

సరే, ఆ మాట వదిలేద్దాం. టోక్యో ఒలింపిక్స్ కరాటే ఫైనల్ గుర్తుందా? 2021 ఆగస్టు, మన హాల్లో అందరం టీవీ ముందున్నాం. 75 కిలోలు పైబడిన మగవాళ్ల పోటీ. సౌదీ అబ్బాయి తారెగ్ హమేది 4-1తో ముందున్నాడు. ఇరాన్ అబ్బాయి సజాద్ గంజ్‌జాదే తలకు తగిలేలా హమేది కిక్ కొట్టాడు. సజాద్ పడినవాడు పడినట్టే ఉండిపోయాడు. ఆక్సిజన్ మాస్కు పెట్టి స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. దెబ్బ అదుపు తప్పిందని హమేదిని డిస్‌క్వాలిఫై చేశారు, బంగారు పతకం స్పృహ తప్పినవాడికి వెళ్లింది. నువ్వు సోఫాలోంచి లేచి అన్యాయం అని అరిచావు. అది ఇప్పన్ అని, మూడు పాయింట్లు ఇవ్వాల్సిన కిక్ అని నువ్వు, నియమం నియమమే అని నాన్నగారు. భోజనాల దగ్గర కూడా ఆగలేదు, పెరుగన్నం కలుపుకుంటూ చిన్నాడు నీ పక్షాన చేరాడు. నేను మాత్రం ఆ పిల్లవాడి తల్లి ఎక్కడ కూర్చుని చూస్తోందో అనుకున్నాను. అతను వచ్చి పోడియం మీద నిలబడ్డాకే నా మనసు కుదుటపడింది.

పారిస్‌లో కరాటే పెట్టలేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. కాబట్టి 2026 నగోయా ఏషియన్ గేమ్స్ అంటే నీకు ఎంతో నాకు తెలుసు. సెలక్షన్ పోతుందనే దాస్తున్నావు, అవునా? నీకు ఉపదేశాలు నచ్చవు, అయినా విను. తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, ఊరికే నిద్ర ముంచుకురావడం, వీటిలో ఏదున్నా ప్రాక్టీసు ఆపాలి. తల లోపల మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు సరే అనేదాకా మ్యాట్ ఎక్కకూడదు. కోచ్ అడిగితే బాగున్నానని అనకు. రాత్రిళ్లు ఫోను చూడకు. 55 కిలోల్లోపు ఉండాలని అన్నం మానేయకు, కనీసం పెరుగన్నమైనా తిను. తడిజుట్టుతో ఏసీ గదిలో పడుకోకు.

నాకు ఒక్కటి చెప్పు. కళ్లు తెరిచినప్పుడు ఎక్కడున్నావో నీకు వెంటనే తెలిసిందా?

శుక్రవారం చిన్నాడు విజయవాడలో ఢిల్లీ రైలు ఎక్కుతున్నాడు. టికెట్టు తీయించేశాను, వద్దనకు. స్కాన్‌కి వాడు నీతోపాటు వస్తాడు, వాడి మీద విసుక్కోకు. సున్నుండలు, కారం వాడి చేతికే ఇస్తున్నాను. స్టేషనుకు నువ్వు వెళ్లకు, వాడే హాస్టలుకు వస్తాడు.

అమ్మ