మా ఆశా అక్కకు, డాక్టరమ్మకు, మా వదినకు

పాప పుట్టాక నాకు డిప్రెషన్ వచ్చిన సంగతి మా బంధువుల్లో చాలామందికి తెలియదు. బాలింత నీరసం అనుకున్నారు. నన్ను నిలబెట్టినవాళ్లకు నలుగురి ముందూ థాంక్స్ చెప్పాలంటే జబ్బు పేరూ చెప్పాలి, చెబుతున్నాను.

కాన్పులో నాకు రక్తస్రావం ఆగలేదు. రక్తం ఎక్కించి బతికించారు. ఇంటికొచ్చాక కళ్లు మూస్తే చాలు ఆ లైట్లు, ఆ హడావుడి. పాప ఏడిస్తే గుండె దడ, ఎత్తుకోబోతే చేతులు వణుకు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, వెల్లుల్లి కారంతో అన్నం, పథ్యంలో అమ్మ ఏ లోటూ చేయలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా పాప పాలు తాగుతోందా అని అడిగేవారు. నాకేమో నేను లేకపోతేనే పాప బాగుంటుందనిపించేది. ఆ మాట పైకి అంటే బిడ్డను నా దగ్గర ఉండనివ్వరని భయం.

కాన్పయ్యాక 42వ రోజు వరకు ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. మా ఆశా అక్క ఆ తర్వాత కూడా వచ్చింది. పాప బరువు రాసుకుని, పుస్తకం మూసి, "నీకెలా ఉందమ్మా? నిద్ర పడుతోందా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఊరుకోమని అనకుండా పక్కనే కూర్చుంది. తర్వాత వదినను పిలిచి, తన ఫోన్‌లోంచే 14416 కలిపింది. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు సాయం అడిగే ఫోన్ నంబరు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి నేను చెప్పిందంతా విని, "ఈ రాత్రి మీ పక్కన ఎవరు పడుకుంటారు?" అని అడిగింది. నేనే అని వదిన అంది. ఆ రాత్రి నుంచి నాకు నయమయ్యేదాకా తన మంచం నా గదిలోనే.

మానసిక వైద్యురాలు పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఎడిన్‌బరో స్కేల్ అంటారట, కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూడటానికి 1987లో తయారైంది. గత ఏడు రోజులు ఎలా గడిచాయో టిక్ పెట్టాలి. చివరి ప్రశ్న, మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అని. పెన్ను అక్కడ ఆగిపోయింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. టిక్ పెట్టి, "పాపను తీసేసుకుంటారా?" అని అడిగాను. "ఎందుకమ్మా?" అన్నారు. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందట. ఆ ఒక్క మాటతో సగం భారం దిగింది. కాన్పు తర్వాత రెండు వారాల్లో తగ్గిపోయే దిగులు వేరని, నాది జబ్బని, కాన్పు నాటి భయం కూడా అందులో కలిసిందని విడమర్చి చెప్పారు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందే రాశారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, తేలికపడగానే సొంతంగా ఆపొద్దని మా ఆయనకూ చెప్పారు. కౌన్సెలింగ్‌లో ఆ కాన్పు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పగలగడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఓపిగ్గా విన్న సైకాలజిస్టు గారికి దండం పెడుతున్నాను.

అమ్మా, నువ్వు దిష్టి తీశావు, తాయెత్తు కట్టించావు, ఆసుపత్రికీ వచ్చావు. మాత్ర వేసుకున్నావా అని రోజూ అడిగింది నువ్వే.

మందులు ఇంకా వాడుతున్నాను. పాపకు నేనే నీళ్లు పోస్తున్నాను. మన వీధిలో ఏ బాలింతకైనా ఇలా ఉంటే నా దగ్గరకు తీసుకురమ్మని ఆశా అక్కకు చెప్పాను. మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాను.