అరకు ఘాట్‌కు ముందు బ్రేకులు చూడండి

సంపాదకులకు,

చలికాలంలో విరాళాల కోసం విశాఖ నుంచి అరకుకు సైకిల్ యాత్రలు తీస్తుంటారు. మంచి పనే. పోస్టర్ల మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు గేర్ల మీద ఉంటే ఇంకా మంచిది.

శృంగవరపుకోట దాటాక ఎక్కుడు వదలదు. వెనక పళ్ల చక్రాల్లో పెద్దదానికి 25 పళ్లే ఉంటే కొత్తవాళ్ల మోకాళ్లు అనంతగిరి రాకముందే మొరాయిస్తాయి. ముందు చిన్న పళ్ల చక్రానికి 34, వెనక పెద్దదానికి 32 లేదా 34 పళ్లు ఉండాలి. వాలు నిటారయ్యే ముందే గేరు తగ్గించాలి. పెడల్ మీద బరువంతా వేసి మారిస్తే చైన్ జారుతుంది, ఒక్కోసారి తెగుతుంది. అరగంటకో అరటిపండు, గంటకు అర లీటరుకు తగ్గకుండా నీళ్లు.

అసలు ప్రమాదం తిరుగు దారిలో, దిగేటప్పుడు. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము కాగి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించుకుని, మలుపులో వదిలేయాలి. అరిగిన బ్రేకు రబ్బర్లు ముందురోజే మార్చాలి. పొగమంచులో వెనక ఎర్ర లైటు లేనివాళ్లను, ఎంత పెద్ద దాత అయినా సరే, వ్యాను ఎక్కించాల్సిందే.

డబ్బు సంగతి. జెర్సీలు, భోజనాలు, వ్యాను ఖర్చు ప్రవేశ రుసుములోంచే పోవాలి. విరాళం నేరుగా సేవాసంస్థ ఖాతాకు వెళ్లాలి. విరాళంపై ఆదాయపు పన్ను మినహాయింపు (80జీగా తెలిసినది) పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది, రూ.2,000 దాటిన నగదు విరాళానికి అదీ ఉండదు. ఈ మాట రసీదు పుస్తకం తెరవకముందే దాతలకు చెప్పాలి.

– కొందరు సైకిల్ సవారులు, విశాఖపట్నం