నా ఓటు రాస్ బార్న్స్‌కే

బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా) ఇంకా చోటు దక్కని పాతకాలపువాళ్లలో ఎవరికి దక్కాలన్న నిన్న రాత్రి వాదనంతా ఇప్పుడే చదివాను. బిల్ డాలెన్ అన్నవాళ్లతో నాకు పేచీ లేదు. 1894లో వరసగా 42 మ్యాచ్‌ల్లో హిట్ (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టినవాడు, 2012 హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో రెండంటే రెండు ఓట్లు తగ్గి ఆగిపోయాడు. అయినా నేను బార్న్స్ వైపే.

1876, అమెరికాలో నేషనల్ లీగ్ మొదటి సీజన్. చికాగో తరఫున బార్న్స్ బ్యాటింగ్ సగటు .429, లీగ్‌లో మొట్టమొదటి హోమ్‌రన్ కూడా ఇతనిదే. కిటుకు చూడండి: బంతిని కిందికి నొక్కి కొట్టేవాడు. అది హోమ్‌ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ముందు మైదానపు హద్దు గీత లోపల ఒకసారి పడి, గిర్రున తిరిగి గీత దాటి బయటికి పోయేది. మొదట లోపల పడితే చాలు, అప్పట్లో అది ఫెయిర్ బాలే, అంటే చెల్లే బంతే. ఫీల్డరు వెంటపడి తెచ్చేలోపు మనవాడు బేస్ మీద! 1877కి రూలు మార్చేశారు. "రూలు పుణ్యమే" అంటున్నారు కొందరు. ఉన్న రూలుతో కాక లేని రూలుతో ఆడతాడా?

అసలు అడ్డు హాల్ ఆఫ్ ఫేమ్‌కి కనీసం పది సీజన్లు ఆడి ఉండాలన్న నిబంధన. నేషనల్ లీగ్‌కి ముందున్న లీగ్, నేషనల్ అసోసియేషన్‌లో ఆడిన 1871-75 ఏళ్లు కలిపినా ఇతనివి తొమ్మిది సీజన్లే.

బేస్‌బాల్ తొలినాళ్ల ఆటగాడు డాక్ ఆడమ్స్ సంగతి ఆదివారం కాల్‌లో మాట్లాడుకుందాం. బేసుల మధ్య 90 అడుగులు ఖాయం చేసిన 1857 సమావేశానికి అధ్యక్షుడాయన. ఆటగాడిగా లెక్కేద్దామా, నిర్వాహకుడిగానా?