పాత బ్లూ లేజర్ల ధరలు, టెస్టింగ్, గాగుల్స్: మా కస్టమర్లకు కొన్ని మార్పులు

అందరికీ నమస్కారం. మా దగ్గర సెకండ్ హ్యాండ్ బ్లూ లేజర్లు హాబీగా కొనేవాళ్లకు, కాలేజీ ల్యాబుల వాళ్లకు కొన్ని మార్పుల గురించి చెప్పాలి. ఈ నెల నుంచి విడి డయోడ్లు (లేజర్ వెలుగునిచ్చే చిన్న భాగాలు) అమ్మడం ఆపేస్తున్నాం. హౌసింగ్‌లో, అంటే లోహపు గూడులో, బిగించిన మాడ్యూళ్ల ధర పెరుగుతోంది. సరైన గాగుల్స్ లేకుండా ఏ లేజరూ షాపు దాటదు. ఆర్గాన్ లేజర్లను (ఆర్గాన్ వాయువు నింపిన ట్యూబుతో పనిచేసే పాత రకం) ఇకపై కొరియర్‌లో పంపం. “చవగ్గా దొరుకుతాయనే కదా మీ దగ్గరికి వచ్చేది, మీరూ పెంచేస్తే ఎలా అన్నా?” అని కొందరు ఇప్పటికే ఫోన్ చేసి అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే సరుకు ఎక్కడి నుంచి వస్తోంది, దాని మీద మేం చేసే పనేంటి, మీ డబ్బు ఎక్కడికి పోతోంది అన్నది దాచకుండా రాస్తున్నాను.

ఎక్కువ సరుకు పాత ప్రొజెక్టర్లదే. 2010లో కేసియో కంపెనీ దీపం బదులు లేజర్‌తో పనిచేసే ప్రొజెక్టర్లు తెచ్చింది. ఒక్కో దానిలో 445 నానోమీటర్ల (వెలుగు రంగును చెప్పే తరంగదైర్ఘ్యం) నీలం డయోడ్లు 24 ఉండేవి, ఒక్కోటి ఒక వాట్ దరిదాపుల్లో వెలుగు ఇచ్చేది. అంతకుముందు హాబీగా చేసేవాళ్లకు నీలంలో ఒక వాట్ అంటే అందని ద్రాక్షే. అందుకే చాలా దేశాల్లో జనం ప్రొజెక్టర్లు కొని మరీ విప్పి డయోడ్లు తీసుకున్నారు. మనకు ఇప్పుడు దొరికేవి స్కూళ్లు, ఆఫీసులు వాడి తీసేసినవి. చిక్కేమిటంటే, తర్వాతి మోడళ్లలో డయోడ్లు విడివిడిగా ఉండవు. చాలావాటిలో ఎనిమిదేసి డయోడ్లను ఒకే లోహపు దిమ్మెలో కూర్చి, ముందు లెన్సులు అంటించేస్తారు. దిమ్మె వేడి చేసి ఒక్కోటి ఊడదీస్తుంటే కొన్ని ఆ వేడికే పోతాయి. స్క్రాప్ వ్యాపారి మాత్రం మొత్తం దిమ్మెకు డబ్బు తీసుకుంటాడు. పోయిన వాటి ఖర్చు మిగిలిన వాటి మీదే పడుతుంది. ధర పెరగడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం టెస్టింగ్. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే బయట కొని మోసపోయామని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే.

లేజర్ డయోడ్ పాడైనా చాలాసార్లు వెలుగుతూనే ఉంటుంది. కరెంట్ ఎక్కువైతే వెలుగు బయటికి వచ్చే అంచు కాలిపోతుంది. ఆ తర్వాత అది లేజర్ కాదు, మామూలు ఎల్‌ఈడీ. నీలంగా మెరుస్తుంది, ఫొటోలో అందంగా పడుతుంది, “వర్కింగ్ కండిషన్” అని రాసి అమ్మేయొచ్చు. కంటితో చూసి తేడా చెప్పడం కష్టం, చూడాలని ప్రయత్నించనూ కూడదు. తేడా తెలిసేది కరెంట్ మెల్లగా పెంచుతూ, వెలుగును కొలిచే పవర్ మీటర్‌లో చూసినప్పుడే. మంచి డయోడ్ మొదట్లో దాదాపు ఏమీ ఇవ్వదు. మీటర్ ముల్లు కదలదు. ఒక వాట్ రకం డయోడైతే సుమారు 200 మిల్లీఆంప్స్ దగ్గర ఒక్కసారిగా అందుకుంటుంది, అక్కడి నుంచి పెంచిన ప్రతి మిల్లీఆంప్‌కూ వెలుగు తిన్నగా పెరుగుతూ పోతుంది. కాలిపోయిన డయోడ్‌లో ఆ మలుపే కనబడదు. ఎంత కరెంట్ ఇచ్చినా నీరసంగా వెలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. మధ్య రకం ఒకటుంది: మలుపు ఉంటుంది కానీ ఆలస్యంగా, 300 దాటాక వస్తుంది. అది బాగా అరిగిన డయోడ్. పనిచేస్తుంది కానీ ఎన్నాళ్లో చెప్పలేం.

ఇకపై మేం అమ్మే ప్రతి మాడ్యూల్‌తో ఈ కొలతల కాగితం వస్తుంది. ఎంత కరెంట్‌కు ఎంత వెలుగు, ఏ కరెంట్ దగ్గర అందుకుంది, హౌసింగ్ ఎంత వేడెక్కింది, అన్నీ ఉంటాయి. అరిగినవాటిని “అరిగింది” అని రాసే అమ్ముతాం, ధర కూడా అలాగే ఉంటుంది. బీమ్‌ను దూరానికి వేసి తీసిన ఫొటో కూడా జత చేస్తాం. ఈ ప్రొజెక్టర్ డయోడ్ల బీమ్ గుండ్రంగా ఉండదు, సన్నని గీతలా ఒక వైపు పరుచుకుంటుంది. అది లోపం కాదు, వాటి స్వభావం. చెక్క మీద చెక్కడానికి అది చాలు. హోలోగ్రఫీ (లేజర్‌తో త్రీడీ బొమ్మలు తీయడం) చేద్దామనుకునేవాళ్లు మాత్రం దయచేసి ఇవి కొనొద్దు. ఆ పనికి ఇవి రావు, మీ డబ్బు వృథా.

విడి డయోడ్లు ఎందుకు ఆపేశామంటే, అవి చాలా సుకుమారం. చేతిలోని స్టాటిక్ కరెంట్ చాలు చంపడానికి. పైగా దీనికి వోల్టేజ్ కాదు ముఖ్యం, కరెంట్. నాలుగు, నాలుగున్నర వోల్టులు కావాలి కదా అని చాలామంది మామూలు అడాప్టర్‌కి రెసిస్టర్ తగిలించి ఇచ్చేస్తారు. డయోడ్ వేడెక్కే కొద్దీ దాని వోల్టేజ్ తగ్గుతుంది, కరెంట్ పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. కొన్నిసార్లు స్విచ్ వేసిన క్షణంలోనే అయిపోతుంది. “మీరిచ్చింది పాడైంది” అని వెనక్కి వస్తుంది. మేం చూసేసరికి అంచు కాలి ఉంటుంది, ఎవరిది తప్పో తేలదు, ఇద్దరికీ మనస్తాపం. అందుకని ఇక మీదట డ్రైవర్ (డయోడ్‌కు వెళ్లే కరెంట్‌ను అదుపులో ఉంచే సర్క్యూట్) కరెంట్‌ను డయోడ్ తట్టుకోగలిగిన దానికంటే తక్కువలో సెట్ చేసి, రాగి హౌసింగ్‌లో బిగించి, హీట్ సింక్‌తో కలిపే ఇస్తాం. వెలుగు కొంచెం తగ్గుతుంది, డయోడ్ చాలా ఎక్కువ కాలం బతుకుతుంది. ఈ బేరం మీకే లాభం అని నా నమ్మకం.

కలర్ ల్యాబుల సరుకు గురించి. 2000 తర్వాత మన ఊళ్లలో పెళ్లి ఆల్బములు ప్రింట్ చేసిన డిజిటల్ మినీల్యాబులు గుర్తున్నాయా? ఫ్యూజీ ఫ్రాంటియర్ లాంటి మెషిన్లు పేపర్ మీద బొమ్మను లేజర్లతోనే రాసేవి. వాటిలో నీలం 473 నానోమీటర్లు. ఇది నేరుగా డయోడ్ నుంచి రాదు. కంటికి కనబడని 808 నానోమీటర్ల వెలుగు ఒక క్రిస్టల్‌ను రేపుతుంది, అది 946 ఇస్తుంది, రెండో క్రిస్టల్ ఆ తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి 473గా మారుస్తుంది. పవర్ మిల్లీవాట్లలోనే. కానీ ఆ గుండ్రని, శుభ్రమైన నీలం చూసినవాళ్లకు 445 కంటికి ఆనదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సరుకు ఇదే. ల్యాబులు మూతపడి, మెషిన్లు కిలోల లెక్కన తూకానికి వెళ్లిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మీ ఊళ్లో ఎవరైనా తీసేస్తుంటే తూకం వేసే ముందు మాకు ఒక మాట చెప్పండి, మంచి రేటు ఇస్తాం.

వీటిలో ఎక్కువగా పోయేది లేజర్ కాదు, చుట్టూ ఉన్న బోర్డు లేదా చల్లబరిచే పెల్టియర్. ఈ క్రిస్టల్స్ ఉష్ణోగ్రత కాస్త మారినా వెలుగు పడిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు పెల్టియర్‌తోనే, సైజు కుదిరితే, కొన్నిటిని నిలబెట్టగలుగుతున్నాం. లోపలి క్రిస్టల్స్ డబ్బా మాత్రం ఎప్పటికీ తెరవం, మీరూ తెరవొద్దు. బయటి గాజు మీద దుమ్ము ఉంటే లెన్స్ టిష్యూను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి ఒక్కసారి, ఒకే వైపుకు లాగాలి. చొక్కా అంచుతో తుడిస్తే దాని పని అయిపోయినట్టే.

ఆర్గాన్ లేజర్లు అందరికీ కావు. 1964లో విలియం బ్రిడ్జెస్ కనిపెట్టిన ఈ రకం, డయోడ్లు రాకముందు దశాబ్దాల పాటు నీలం వెలుగుకు పెద్ద దిక్కు. జీనోమ్ ప్రాజెక్ట్ రోజుల డీఎన్‌ఏ సీక్వెన్సర్లలో ఉన్నవి ఇవే. గాలితో చల్లబడే చిన్న రకమైనా పదుల మిల్లీవాట్ల వెలుగు కోసం గోడ ప్లగ్ నుంచి కిలోవాట్ దాకా లాగుతుంది. చాలావాటి పవర్ సప్లై 110 వోల్టులది, కాబట్టి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. స్విచ్ వేస్తే ముందు ఫ్యాన్ హోరు, అర నిమిషం పైగా కాథోడ్ వేడెక్కడం, తర్వాత టక్‌మని ట్యూబ్ అంటుకోవడం. ఆ బీమ్‌ను పట్టకం గుండా పంపితే 488 నీలం, 514 పచ్చ, వాటి పక్కన 476, 496, 457 గీతలు వేటికవి విడిపోయి గోడ మీద పడతాయి. పక్క వీధిలోని టీచర్లు పిల్లల్ని తీసుకొస్తే సంతోషంగా చూపిస్తాం.

వీటిని కొనేటప్పుడు “వెలుగుతోందా” అని అడిగితే సరిపోదు. ఫలానా పవర్ ఇవ్వడానికి ట్యూబ్ ఎన్ని ఆంప్స్ తీసుకుంటోంది అని అడగండి. ట్యూబ్ ముసలిదయ్యే కొద్దీ అదే వెలుగుకు కరెంట్ పెరుగుతూ పోతుంది. పది ఆంప్స్ దగ్గర ఆయాసపడుతున్నదాన్ని ఎంత చవకైనా తీసుకోవద్దు. గాలి చొరబడిన ట్యూబ్‌ను హాబీ బడ్జెట్లో బాగు చేయించడం జరిగే పని కాదు. కొన్నాక నెలకోసారైనా కాసేపు నడపాలి, ఊరికే అటక మీద పెడితే మొండికేస్తుంది. కొరియర్ ఎందుకు మానేశామంటే, ఈ ట్యూబుల లోపల చాలావాటిలో బెరీలియం ఆక్సైడ్ పింగాణీ ఉంటుంది. పగిలి పొడి గాలిలో కలిస్తే ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. దారిలో విసిరేసే పార్శిల్‌లో దాన్ని పెట్టి పంపడానికి మనసొప్పడం లేదు. షాపుకు వచ్చి, నడిపి చూసుకుని, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి.

ఇక గాగుల్స్. చవక ఎన్‌గ్రేవర్ (లేజర్‌తో చెక్కే మెషిన్) డబ్బాల్లో ఊరికే వచ్చే రంగు ప్లాస్టిక్ కళ్లజోడును నేను నమ్మను. గాగుల్స్ మీద ఏ నానోమీటర్లకు ఎంత ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే వెలుగును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) అన్నది రాసి ఉండాలి. ఓడీ 4 అంటే పదివేల వంతుల్లో ఒక వంతే లోపలికి వస్తుంది. 5 వాట్ల వెలుగు తగిలినా కంటికి చేరేది అర మిల్లీవాట్. అదే ఓడీ 2 అయితే 50 మిల్లీవాట్లు చేరుతుంది, అది కన్ను పోగొట్టడానికి చాలు. అర వాట్ దాటిన ప్రతి లేజరూ క్లాస్ 4, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి, కిందికి వస్తుంది. అంటే రెప్ప పడేలోపే నష్టం జరిగిపోతుంది, నేరుగా చూడనక్కర్లేదు, ఉంగరం మీదో స్టీలు గ్లాసు మీదో తగిలి తిరిగొచ్చినా చాలు. నొప్పి కూడా తెలియదు. అందుకే 445కి ఓడీ 4 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న గాగుల్స్ మాడ్యూల్ ధరలోనే కలిపేశాం. “నా దగ్గర ఉన్నాయి, తగ్గించండి” అంటే ముందు వాటి ఫొటో, వాటి మీద రాసింది చూపించండి. నచ్చితే తగ్గిస్తాం.

ఊరేగింపులకు, బరాత్‌లకు, డీజేలకు, ఆకాశంలోకి వేయడానికి అంటే అమ్మం. ఎంత ఎక్కువ ఇస్తామన్నా అమ్మం. జనం మధ్య పసిపిల్లల కళ్లు ఉంటాయి, పైన విమానాలు ఉంటాయి. పెళ్లిళ్ల సీజన్లో దీనివల్ల పోయే వ్యాపారం తక్కువేమీ కాదు, అయినా ఈ విషయంలో బేరం లేదు.

పెండింగ్ ఆర్డర్ల విషయం: మా థర్మల్ పవర్ మీటర్‌ను కాలిబ్రేషన్‌కు పంపాం. అది తిరిగొచ్చేదాకా కొలతల కాగితం ఇవ్వలేం కాబట్టి మాడ్యూళ్లు ఏవీ పంపడం లేదు. ఆగలేనివాళ్లకు పూర్తి డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం, ఆర్డర్ నంబర్ పంపితే చాలు. పాత ధరకు ముందే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరే, గాగుల్స్ కూడా అందులోనే. ఇంతకుముందు మా దగ్గర విడి డయోడ్ కొని ఇంకా బిగించనివాళ్లు దాన్ని తెచ్చిస్తే హౌసింగ్‌లో పెట్టి, కొలిచి ఇస్తాం. దానికి కూలీ తీసుకోం, హౌసింగ్, డ్రైవర్ ఖర్చు మాత్రం మీదే.