కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

రాత్రి ఆకాశం ఫొటోలు తీసే మన సంఘానికి ఈ ఏడాది మబ్బులు సహకరించలేదు. వికారాబాద్ వెళ్దామనుకున్న శనివారాలు చాలావరకు రద్దయ్యాయి. దాంతో కొత్త ఫొటోల సంగతి పక్కనపెట్టి పాత హార్డ్‌డిస్కులు బయటకు తీశాం.

2014లో అనంతగిరి దగ్గర తీసిన ఓరియన్ నెబ్యులా (ఓరియన్ నక్షత్రరాశిలోని వాయు, ధూళి మేఘం) రా ఫైళ్లు, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫైళ్లు, పాత సభ్యులకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో ఎంత తంటాలు పడ్డా, ఫొటోలో హైదరాబాద్ వైపున్న అంచంతా సోడియం లైట్ల పసుపే. ఇప్పుడు అవే ఫైళ్లను సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ స్టాక్ చేసి (ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే ఫొటోగా కలిపి), గ్రాక్స్‌పెర్ట్ అనే మరోదానితో ఆ పసుపు తీసేశాం. స్టార్‌నెట్‌తో నక్షత్రాలను విడదీసి, నెబ్యులాను ఒక్కదాన్నే స్ట్రెచ్ చేసి (మసక వెలుగును పెంచి), నక్షత్రాలను తిరిగి కలిపాం. పాత ప్రింటులో మసక మచ్చలా ఉన్న పక్క నెబ్యులా రన్నింగ్ మ్యాన్ ఇప్పుడు నీలంగా, విడిగా కనిపిస్తోంది. పదేళ్లుగా ఆ డిస్కులోనే ఉంది! మూడూ ఉచిత సాఫ్ట్‌వేర్లే కాబట్టి సంఘానికి పైసా ఖర్చు లేదు.

ఓరియన్ నెబ్యులా నడుమ ఉండే ట్రపీజియం నక్షత్రాల గుంపు చుట్టూ తెల్లగా మాడిన భాగం మాత్రం అలాగే ఉంది. వెలుగు ఎక్కువై కెమెరా సెన్సర్ నిండిపోయిన చోట ఏ సాఫ్ట్‌వేరూ చేసేదేమీ లేదు. అక్కడ ఏఐతో ఏదో ఒకటి గీయిద్దామన్న సూచనకు కార్యవర్గం ఒప్పుకోలేదు. ఇక దుమ్ము మచ్చలంటారా, వాటిని తర్వాత తీసేయడానికి ఫ్లాట్స్ (సమానంగా వెలుగున్న తెరను తీసే ఫొటోలు) తీయమని ఆ రోజే మొత్తుకున్నాం. చలికి అందరూ కారెక్కేశారు.

ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లోని ఒక పాఠశాలలో పాత, కొత్త ప్రింట్లు పక్కపక్కన పెట్టి ప్రదర్శన జరిపాం. "సార్, రెండోది వేరే కెమెరానా?" అని పిల్లలు అడుగుతుంటే పడ్డ శ్రమంతా మరిచిపోయాం. హాలు ఇచ్చిన ప్రధానోపాధ్యాయురాలికి, లాభం చూసుకోకుండా ప్రింట్లు వేసిన చిక్కడపల్లి ప్రెస్ వారికి, రాత్రుళ్లు ఈ పనికి తన గేమింగ్ ల్యాప్‌టాప్ వదిలిన ఇంటర్ కుర్రాడికి, ఇడ్లీలు పంపిన కోశాధికారి గారి శ్రీమతికి కృతజ్ఞతలు. వాలంటీర్లుగా పేర్లిచ్చినవారిలో స్టాండ్లు మోయడానికి వచ్చింది ముగ్గురే. మిగతావారు వాట్సాప్‌లో బొటనవేలు చూపించారు. ఆ సాయంత్రం గంటసేపు వీధిదీపాలు ఆర్పించమని ఇచ్చిన అర్జీకి "పైకి పంపాం" అన్న జవాబు తప్ప ఏమీ రాలేదు. అందుకే చంద్రుణ్ని చూపించి సరిపెట్టాం.

జమాఖర్చులు ఆడిటర్ గారు చూశారు, పట్టిక జతచేశాం. చందా బాకీలు ఎవరివో వారికే తెలుసు.

పాత ఫైళ్లను బాగుచేయడంలో తర్వాతి వంతు ఆండ్రోమెడా గెలాక్సీది. డిస్కులిచ్చేవారు జేపెగ్‌లు కాకుండా రా ఫైళ్లు, డార్క్స్‌తో (లెన్స్ మూసి తీసిన ఫొటోలతో) సహా ఇవ్వాలి. ఫోల్డర్‌కు తేదీ, లెన్స్, ఐఎస్‌ఓ (కెమెరా సున్నితత్వ సంఖ్య) రాయాలి. "న్యూ ఫోల్డర్ 2" అని ఉన్నవి తీసుకోబడవు.

కార్యదర్శి