జేసన్ ఫైలును షెల్ స్క్రిప్టుతో చదవడం నేర్పిన వారందరికీ కృతజ్ఞతలు

మా సంస్థలో రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్టు మళ్లీ దారిలో పడింది. అది ఎందుకు చెడిందో, ఎలా బాగుచేయాలో అని నేను అడిగితే దారి చూపిన మీరే అందుకు కారణం. ఒక్కొక్కరికీ విడిగా ధన్యవాదాలు చెప్పాను కానీ, నాకు అది చాలదనిపించింది. మీరు చెప్పినవి నాలాగా షెల్ స్క్రిప్టులతో, అంటే కంప్యూటరుకు వరుసగా ఆదేశాలిచ్చే ఫైళ్లతో, సర్వర్లు నడుపుకునే ఎందరికో పనికొస్తాయి. అందుకే ఏం నేర్పారో ఇక్కడ రాస్తున్నాను.

ఏ శాఖ ఫోల్డరును ఎక్కడికి కాపీ చేయాలో చెప్పే సెట్టింగులు మాకు ఒక జేసన్ ఫైలులో, అంటే ప్రతి పేరు పక్కన దాని విలువ రాసి ఉండే ఫైలులో, ఉంటాయి. ఎప్పుడో బ్యాష్ అనే షెల్ కోసం రాసిన స్క్రిప్టు ఆ ఫైలును గ్రెప్‌తో వెతికి, కట్‌తో ముక్కలు చేసి చదివేది. మనుషులు చేత్తో దిద్దుతూ, సెట్టింగుకో వరుస చొప్పున రాసినంత కాలం అది నడిచింది. తర్వాత సెట్టింగులు మార్చే పని ఒక పైథాన్ ప్రోగ్రాముకు అప్పగించారు. అది ఫైలు మొత్తాన్ని ఒకే వరుసగా రాసింది. ఇక గ్రెప్ దేనికోసం వెతికినా ఫైలంతా వచ్చి పడేది. అంతకంటే కలవరపెట్టిన సంగతి మరొకటి: ‘తెనాలి శాఖ’ అనే ఫోల్డరు పేరు ఫైలులో ఎక్కడా కనిపించలేదు.

ఫైలు పాడైందేమోనని భయపడుతున్న సమయంలో ఒక పెద్దాయన చాలా ఓపికగా వివరించారు. పైథాన్‌లోని జేసన్ మాడ్యూలు, మనం వద్దని చెప్పకపోతే, తెలుగు అక్షరాలను యూనికోడ్ సంఖ్యలుగా మార్చి రాస్తుంది. ‘త’ అక్షరం 0సి24 అవుతుంది. జేసన్ నియమాల ప్రకారం అక్షరంగా రాసినా సంఖ్యగా రాసినా అది ఒకే పేరు. అలాగే ఒక వరుసలో ఉన్నా వంద వరుసల్లో ఉన్నా అది ఒకే ఫైలు. వరుసలను మాత్రమే చూసే గ్రెప్‌కు ఈ సంగతి తెలిసే వీలు లేదు. జేసన్‌ను చదవడానికే 2012లో స్టీఫెన్ డోలన్ విడుదల చేసిన జేక్యూ అనే ప్రోగ్రాముకు తెలుసు. దానితో చదవగానే పేరు తెలుగులోనే వచ్చింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ అలాగే ఉంది.

జేక్యూ పెట్టుకోమని చాలామంది చెప్పారు. ఒక అక్కయ్య మాత్రం అక్కడితో ఆగకుండా, సెట్టింగు అసలు లేకపోతే ఏమవుతుందో చూశారా అని అడిగారు. ఈ మొత్తం సాయంలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ ప్రశ్నే. ఫైలులో లేని పేరు అడిగితే జేక్యూ విలువ లేదని చెప్పే ‘నల్’ అనే మాటను ముద్రిస్తుంది. షెల్‌కు అది మామూలు అక్షరాల వరుస, ఖాళీ కాదు. అందువల్ల ఖాళీగా ఉందా అని చేసే పరీక్షను అది దాటిపోతుంది, ‘నల్’ అనే పేరుతో ఫోల్డరు తయారవుతుంది! జేక్యూకు ‘మైనస్ ఈ’ (-e) అనే ఐచ్ఛికం ఇస్తే నల్ వచ్చినప్పుడు జేక్యూ వైఫల్యాన్ని సూచించే సంకేతంతో ముగుస్తుంది, స్క్రిప్టును అక్కడే ఆపవచ్చు. అయితే స్క్రిప్టులోని ఫంక్షన్‌లో ఒక చలరాశిని లోకల్ అని ప్రకటిస్తూ అదే వరుసలో విలువ నింపితే ఆ సంకేతం పోతుందనీ, ముందు ప్రకటించి కింది వరుసలో నింపాలనీ ఆమే హెచ్చరించారు.

ఫాల్స్ (కాదు) అనే విలువ విషయం మరో మిత్రుడు చెప్పారు. విలువ లేకపోతే ఇది వాడు అని చెప్పడానికి జేక్యూలో రెండు వాలుగీతలు (//) వాడతాం. అవి ఫాల్స్‌ను కూడా లేనట్టే లెక్కగడతాయి. ఒక శాఖ బ్యాకప్‌ను కావాలని ఆపి ఉంచినా, లేనప్పుడు ట్రూ (అవును) అనుకోమని రాస్తే అది మళ్లీ మొదలవుతుంది. ‘మైనస్ ఈ’ కూడా ఫాల్స్‌ను వైఫల్యంగానే చూస్తుంది. అందుకే అలాంటి సెట్టింగులకు ముందు ఆ పేరు ఉందో లేదో జేక్యూలోని హ్యాజ్‌తో అడుగుతున్నాను.

ఫోల్డర్ల జాబితాను ఫర్ లూపులో తిప్పితే ‘తెనాలి’ ఒకటిగా, ‘శాఖ’ మరొకటిగా విడిపోతాయి. వైల్, రీడ్ జంటతో వరుసకో పేరు చదవమని చూపించిన విద్యార్థికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. పైపు తర్వాత వచ్చే వైల్ లూపు బ్యాష్‌లో మామూలుగా సబ్‌షెల్‌లో, అంటే విడిగా మొదలయ్యే మరో షెల్‌లో, నడుస్తుంది, లోపల లెక్కపెట్టినవి బయటికి రావు అని కూడా ఆ అబ్బాయే గుర్తుచేశాడు. ఆ వయసులో అంత శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది.

ఇక మిగిలినవి యామల్ ఫైళ్లు, సెట్టింగులు రాసే మరో పద్ధతి. వాటిని చదవడానికి వైక్యూ పేరుతో వేర్వేరు ప్రోగ్రాములు రెండున్నాయి: గో భాషలో రాసినది ఒకటి, లోపల జేక్యూనే పిలిచే పైథాన్ ప్రోగ్రాము మరొకటి. ఒకదానికి రాసిన ఆదేశం రెండోదానిలో పనిచేయకపోవచ్చు. ఏ సర్వరులో ఏది ఉందో ముందే చూసుకోమన్న సలహా ప్రకారం ఈ వారం ఆ పని మొదలుపెడుతున్నాను.

దిద్దిన స్క్రిప్టులో పాస్‌వర్డులు తీసేసి, ప్రతి భాగానికీ తెలుగులో వ్యాఖ్యలు రాసి ఉంచాను. కావలసిన వారు అడగండి, పంపిస్తాను. అందులో ఇంకా లోపాలు కనిపిస్తే తప్పక చెప్పండి.